అరికాలి గాయం సంగతి గజ్జల్లో బిళ్లకు ఎవరు చెప్పారు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. రొయ్యల గుంటలు చేసుకుంటున్నాను. పన్నెండు రోజుల కిందట తూము దగ్గర మట్టి తీస్తుండగా కుడి అరికాల్లో ఆల్చిప్ప దిగింది. పసుపు పెట్టి కట్టు కట్టుకున్నాను. మూడో రోజుకు గజ్జల్లో పెద్ద రేగ్గాయంత బిళ్ల కట్టింది. నడుస్తుంటే లాగుతోంది. గాయం ఇప్పుడు ఆరుతోంది గానీ బిళ్ల పూర్తిగా పోలేదు. ఇటుక కాచి కాపడం పెట్టి గట్టిగా రుద్దితే కరిగిపోతుందని మా చిన్నాయన అంటున్నాడు. ఇంటర్ బైపీసీ చదివే మా అమ్మాయి మాత్రం వద్దంటోంది. తెల్ల రక్తకణాలు వాసన పట్టి అక్కడికి చేరి పని చేస్తున్నాయట. ముక్కు లేని కణాలకు వాసన ఎలా తెలుస్తుందని నేను నవ్వాను. దెబ్బ అరికాల్లో తగిలితే, అంత పైన ఉన్న బిళ్లకు ఆ సంగతి ఎలా తెలిసింది? అమ్మాయి చెప్పింది నిజమేనా? బిళ్లను రుద్దవచ్చా?

సమాధానం: మీ అమ్మాయి చెప్పినది చాలావరకు నిజం. అది ఎంతవరకు నిజమో, ఎక్కడ కొంచెం సవరించుకోవాలో వివరంగా రాస్తాను. బిళ్లను మాత్రం రుద్దకండి, కాచిన ఇటుకతో కాపడం పెట్టకండి. ఎందుకో కింద చెబుతాను.

అంతకంటే ముందు మీరు చేయవలసిన పనులు రెండు ఉన్నాయి. గత ఐదేళ్లలో ధనుర్వాతం టీకా వేయించుకున్నట్టు గుర్తు లేకపోతే, పన్నెండు రోజులు గడిచాయి కదా అనుకోకుండా దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అడగండి. మట్టిలో ఉన్న చిప్ప దిగిన గాయం శుభ్రమైన గాయం కాదు. అక్కడే గాయంలో చిప్ప ముక్క మిగిలిందేమో చూపించుకుని, షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి. ఉప్పునీటి గుంటల్లో పని చేసేవారికి ఇంకొక హెచ్చరిక కూడా అవసరం. రొయ్యలకు వచ్చే తెగుళ్ల వల్ల విబ్రియో అనే మాట మీకు బాగా తెలిసినదే. ఆ కుటుంబంలోనే విబ్రియో వల్నిఫికస్ అనే సూక్ష్మజీవి మనిషి గాయంలో చేరితే ఒకటి రెండు రోజుల్లోనే కాలు విపరీతంగా వాచి, భరించలేని నొప్పితో నీలిరంగు బొబ్బలు లేస్తాయి. కాలేయ జబ్బు, షుగర్ ఉన్నవారికి అది ప్రాణాంతకం. మీ గాయం ఆరుతున్నదంటే ఈసారికి ఆ ప్రమాదం లేనట్టే. ఇకముందు ఎవరికైనా అటువంటి లక్షణాలు కనిపిస్తే తెల్లవారేదాకా కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. మన శరీరంలో రక్తనాళాల నుంచి కొంత ద్రవం కణజాలంలోకి ఊరుతూ ఉంటుంది. అందులో తిరిగి రక్తంలోకి పోగా మిగిలిన దానిని సన్నని లింఫ్ నాళాలు పోగు చేసుకుని, దారిలో ఉన్న లింఫ్ గ్రంథుల గుండా వడకట్టి, చివరకు మెడ మొదట్లో ఉన్న పెద్ద సిరలో కలుపుతాయి. ఇంటర్ పుస్తకాల్లో వీటినే శోషరస నాళాలు, శోషరస గ్రంథులు అంటారు. అటువంటి గ్రంథులు మన ఒంట్లో సుమారు ఆరు వందలు ఉంటాయి. మీ అరికాలి నుంచి బయలుదేరే లింఫ్‌లో ఎక్కువ భాగం గజ్జల్లోని గ్రంథులకే చేరుతుంది. అందువల్ల కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జల్లోను, చేతికి దెబ్బ తగిలితే చంకలోను, పన్ను పుచ్చితే దవడ కిందను బిళ్ల కడుతుంది. నా చిన్నతనంలో మా అవ్వ గజ్జల్లో చేయి పెట్టి చూసి, ‘ఏ కాలికి ముల్లు దిగిందిరా’ అని అడిగేది. ఏ బిళ్ల ఏ గాయానిదో ఆమెకు తెలుసు. మీరు అడిగినది దాని తరువాతి ప్రశ్న. కాలువ ఉన్నంత మాత్రాన కబురు చేరదు, దానిని మోసుకుపోయేవారు ఉండాలి కదా.

ఆ పని చేసేవి డెండ్రైటిక్ కణాలు. కొమ్మల్లా చాచిన చేతులతో ఇవి చర్మంలో కాపలా కాస్తూ ఉంటాయి. చర్మం పైపొరలో ఉండే ఈ రకం కణాలను 1868లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి మొదటిసారి గమనించాడు కానీ, ఆ కొమ్మలు చూసి అవి నాడీకణాలేమో అనుకున్నాడు. వాటి అసలు పని తేలడానికి వందేళ్లకు పైగా పట్టింది. 1973లో రాల్ఫ్ స్టైన్‌మన్ ఎలుకల ప్లీహంలో ఇటువంటి కణాలను గుర్తించి డెండ్రైటిక్ కణాలని పేరు పెట్టాడు. వ్యాధినిరోధక వ్యవస్థను మేల్కొలిపేవి ఇవేనని తేల్చినందుకు ఆయనకు 2011లో నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆ ప్రకటనకు మూడు రోజుల ముందే ఆయన కన్నుమూశాడు. తనకు నోబెల్ వచ్చిన సంగతి వినకుండానే ఆయన వెళ్లిపోవడం తలుచుకున్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

మీ అరికాల్లో చిప్ప దిగినప్పుడు దానితోపాటు మట్టిలోని బ్యాక్టీరియా కూడా లోపలికి వెళ్లింది. అక్కడున్న డెండ్రైటిక్ కణాలు ఆ బ్యాక్టీరియాను మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కలను తమ ఒంటి మీద ప్రదర్శించుకుంటాయి. అంతవరకు ఉన్నచోటనే ఉండిపోయిన ఆ కణం ఇప్పుడు ప్రయాణానికి సిద్ధపడుతుంది. అందుకోసం తన పైపొర మీద సీసీఆర్7 అనే గ్రాహకాన్ని, అంటే బయటి రసాయనాన్ని పట్టి గుర్తించే అణువును, పెద్ద సంఖ్యలో మొలిపించుకుంటుంది. లింఫ్ నాళాల గోడలు సీసీఎల్21 అనే చిన్న ప్రొటీనును ఎప్పుడూ విడుదల చేస్తూనే ఉంటాయి. సీసీఆర్7 లేనంతకాలం ఆ ప్రొటీను పక్కనే ఉన్నా ఈ కణానికి తెలియదు. ఆ గ్రాహకం మొలిచిన తరువాత ఆ ప్రొటీను ఎటు ఎక్కువగా ఉంటే కణం అటు నడిచి, నాళంలో దూరి, లింఫ్‌తోపాటు గజ్జల్లోని గ్రంథికి చేరుతుంది. ఈ ప్రయాణానికి సుమారు ఒకరోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. చేరిన తరువాత పని మొదలై గ్రంథి చేతికి తగిలేంత పెరగడానికి మరికొంత సమయం కావాలి. మీకు మూడో రోజున బిళ్ల కనిపించడం ఈ లెక్కకు సరిపోతుంది.

సీసీఎల్21 వంటి ప్రొటీన్లను కీమోకైన్లు అంటారు. మనుషుల్లో ఇవి యాభైకి దగ్గరగా ఉన్నాయి, వాటిని గుర్తించే గ్రాహకాలు ఇరవై వరకు ఉన్నాయి. మీ అమ్మాయితో ఒక మాట చెప్పండి. మన ముక్కులో వాసనను పట్టే గ్రాహకాలు, ఈ కణాల మీద కీమోకైన్లను పట్టే గ్రాహకాలు ఒకే పెద్ద కుటుంబానికి చెందినవి. రెండూ కణం పొరలో ఏడుసార్లు అటూ ఇటూ అల్లుకుని, లోపల ఉండే జీ ప్రొటీన్ల ద్వారా కబురు అందిస్తాయి. అందుచేత కణం వాసన పడుతుందని ఆ పిల్ల అన్నది కేవలం పోలిక కాదు. ముక్కు లేకపోయినా, ముక్కులో పనిచేసే పద్ధతి ఆ కణాలకు ఉంది.

తెల్లకణం దిక్కు తెలుసుకునే తీరు ఇంకా విచిత్రంగా ఉంటుంది. దాని పొడవు మిల్లీమీటరులో నూరో వంతు మాత్రమే. తన ముందు కొసన ఎన్ని గ్రాహకాలకు ఆ రసాయనం తగిలింది, వెనుక కొసన ఎన్నింటికి తగిలింది అని అది ఆ కొద్దిపాటి పొడవులోనే పోల్చుకుంటుంది. రెండు కొసల మధ్య రసాయనం గాఢతలో నూటికి ఒకటి రెండు వంతుల తేడా ఉన్నా చాలు. ఎక్కువ ఉన్న వైపు ఆక్టిన్ అనే పోగులు పేరుకుని పొరను ముందుకు తోస్తాయి, వెనుక భాగం ముడుచుకుని లాక్కుంటుంది, కణం ముందుకు జరుగుతుంది. ఈ రసాయనాల్లో కొన్ని ద్రవంలో తేలుతూ వ్యాపిస్తాయి, కొన్ని కణజాలానికి అంటుకుని ఉండిపోతాయి. సీసీఎల్21 అంటుకునే రకం, దాని తోబుట్టువు వంటి సీసీఎల్19 తేలే రకం. ఇంట్లో చీమల బారును గమనించండి. బెల్లం వాసన గాలిలో వస్తుంది, ముందు నడిచిన చీమ వదిలిన జాడ నేలకు అంటి ఉంటుంది. రెండూ దారి చూపేవే.

గ్రంథిలోకి ఒక దారి ఇది. రెండో దారి రక్తం నుంచి వస్తుంది. టి కణాలు, బి కణాలు అనే లింఫోసైట్లు (ఇవి ఒక రకం తెల్ల రక్తకణాలు) రక్తంలో తిరుగుతూ ఈ గ్రంథుల్లోకి దిగుతాయి, మళ్లీ లింఫ్ ద్వారా రక్తంలోకి పోతాయి. ఇది ఇప్పుడు పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం. కానీ 1950ల దాకా ఈ సంగతి తేలలేదు. లింఫ్ నాళాల నుంచి రోజూ రక్తంలోకి వచ్చిపడే లింఫోసైట్ల సంఖ్య, రక్తంలో ఉన్న మొత్తానికి ఎన్నో రెట్లు ఉంటున్నది. మరి రక్తంలో వాటి సంఖ్య పెరగకుండా అవన్నీ ఏమైపోతున్నాయి? చాలామంది అవి చచ్చిపోతాయనుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్ ఎలుకల లింఫ్‌నాళం నుంచి ఆ కణాలను బయటికి తీసి, గుర్తు పెట్టి మళ్లీ రక్తంలోకి ఎక్కించి చూస్తే, అవే కణాలు తిరిగి లింఫ్‌లో ప్రత్యక్షమయ్యాయి. అంటే అవి చావడం లేదు, ఆగకుండా చుట్టూ తిరుగుతున్నాయి.

రక్తం వేగంగా పారుతుంటే అవి గ్రంథి దగ్గర సరిగ్గా ఎలా ఆగుతాయి? గ్రంథిలోని కొన్ని సన్నని సిరల లోపలి గోడ మిగతా చోట్ల కంటే ఎత్తుగా ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి లింఫోసైట్ మీదున్న ఎల్-సెలెక్టిన్ అనే అణువు గోడను పట్టీ పట్టకుండా తాకడంతో కణం వేగం తగ్గి దొర్లడం మొదలుపెడుతుంది. దొర్లుతూ గోడకు అంటి ఉన్న సీసీఎల్21ను తన సీసీఆర్7తో గుర్తించగానే ఇంటిగ్రిన్లు అనే మరో రకం అణువులు బిగిసి, కణం ఠక్కున నిలబడుతుంది. ఆపైన గోడలోని సందుగుండా లోపలికి దూరుతుంది. ఈ రెండు తాళాల్లో ఏ ఒక్కటి తెరుచుకోకపోయినా కణం రక్తంతోపాటు ముందుకు పోవలసిందే.

దీనికి మన ఇళ్లలోనే ఒక రుజువు ఉంది. కోరింత దగ్గు వచ్చిన పసిపిల్లల రక్తపరీక్షలో లింఫోసైట్లు విపరీతంగా పెరిగి కనిపిస్తాయి. చదువుకునే రోజుల్లో అటువంటి స్లైడు మొదటిసారి చూసి, అది రక్త క్యాన్సరేమోనని నేను కంగారుపడ్డాను. ఆ పెరుగుదలకు ముఖ్య కారణం వేరు. కోరింత దగ్గు బ్యాక్టీరియా విడిచే విషం, కీమోకైన్ గ్రాహకాలకు లోపల తోడుండే జీ ప్రొటీనును పనిచేయకుండా చేస్తుంది. కబురు అందని లింఫోసైట్లు గ్రంథుల్లోకి దిగలేక రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతాయి. రక్తంలో సైన్యం లెక్కకు ఎక్కువగానే ఉంటుంది కానీ, ఉండవలసిన చోట ఉండదు. ఇంత చిన్న సంకేతం తెగిపోతే ఏమవుతుందో నాకు ఆ స్లైడు చెప్పినంత స్పష్టంగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఇప్పుడు మీ అమ్మాయి మాటకు నేను చేయదలచిన చిన్న సవరణ దగ్గరకు వస్తున్నాను. వాసన పట్టి కణం నేరుగా శత్రువు దగ్గరకు వెళుతుందని మనం ఊహించుకుంటాం. గ్రంథి లోపల జరిగేది అది కాదు. 2002లో కాలిఫోర్నియాలో మైఖేల్ కాహలాన్, ఇయాన్ పార్కర్, మార్క్ మిల్లర్ రెండు ఫోటాన్ల సూక్ష్మదర్శినితో ఎలుక లింఫ్ గ్రంథిలో బతికున్న టి కణాల నడకను చూశారు. అవి నిమిషానికి సుమారు పది మైక్రాన్ల చొప్పున, అంటే నిమిషానికి తమ పొడవంత దూరం, గమ్యమంటూ లేకుండా ఇటూ అటూ తిరుగుతూ కనిపించాయి. గ్రంథిలో సన్నని కణాలు అల్లిన వల ఒకటి ఉంటుంది, అదే వాటికి బాట. ఆ వలకు పట్టి ఉన్న కీమోకైన్లు వాటిని ఆ పేటలోనే ఉంచుతాయి, ఆగకుండా నడిపిస్తాయి. ‘నీ శత్రువు ఫలానా చోట ఉన్నాడు’ అని మాత్రం చెప్పవు.

ఎందుకిలా అంటే, ఒక్కొక్క టి కణం ఒక్కొక్క రకం ముక్కను మాత్రమే గుర్తించగలదు. మీ అరికాల్లో దిగిన ఆ బ్యాక్టీరియా ముక్కకు సరిపడే టి కణం లక్షలో ఒకటో, పది లక్షల్లో ఒకటో ఉంటుంది. ఆ ఒక్క కణం ఒళ్లంతా వెతుక్కుంటూ మీ అరికాలికి రావాలంటే మీ గాయం ఎప్పటికీ మానదు.

మన నెల్లూరి రొట్టెల పండుగను తలచుకోండి. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె అని పిలుస్తూ వేలమంది నీళ్లలో నిలబడి ఉంటారు. నిరుడు కోరిక తీరినవారు రొట్టె తెస్తారు, ఈ ఏడు ఆ కోరిక ఉన్నవారు దాన్ని అందుకుంటారు. ఒక ఏడాది నేను వెళ్లినప్పుడు మోకాలిలోతు నీళ్లలో ఒక పెద్దావిడ, పెద్దగా పిలవడానికి మొహమాటపడి, పక్కన నిలబడినవారిని ఒక్కొక్కరినే ‘ఇల్లు రొట్టె ఉందా నాయనా’ అని అడుగుతూ కదలడం చూశాను. ఇరవై మందినైనా అడిగి ఉంటుంది. ఇల్లు కట్టుకున్న మనిషి నెల్లూరులో ఏ వీధిలో ఉన్నాడో ఆమెకు తెలియదు, తెలియనవసరం లేదు. ఇచ్చేవారినీ అడిగేవారినీ ఒకే చెరువు దగ్గరకు, ఒకే రోజుల్లో చేర్చడమే ఆ పండుగ చేసే పని. తక్కినది పక్కపక్కన నిలబడి అడగడమే.

లింఫ్ గ్రంథి అటువంటి చెరువు. బ్యాక్టీరియా ముక్కను మోసుకొచ్చిన డెండ్రైటిక్ కణమూ, దాన్ని వెతుకుతున్న టి కణమూ ఒకే సీసీఆర్7 పెట్టుకుని ఒకే రసాయనానికి లొంగి ఒకే చోటికి చేరతాయి. ఒక డెండ్రైటిక్ కణాన్ని గంటకు వందలాది టి కణాలు తాకి చూసి పోతుంటాయి. తనది కాదని తేలిన టి కణం ఆ గ్రంథిలో సగం రోజో, ఒక రోజో తిరిగి బయటపడి మరో గ్రంథికి వెళుతుంది. తనదైన ముక్క దొరికిన కణం మాత్రం అక్కడే ఆగి, గంటల తరబడి అతుక్కుని ఉండి, తరువాత విభజన మొదలుపెడుతుంది. 1999లో జర్మనీ పరిశోధకులు సీసీఆర్7 లేని ఎలుకలను తయారు చేసి చూస్తే, గ్రంథుల్లో టి కణాలు చేరవలసిన పేటలు దాదాపు ఖాళీగా మిగిలాయి. డెండ్రైటిక్ కణాలు చర్మం నుంచి అక్కడికి చేరలేదు. వ్యాధిని ఎదుర్కొనే పని ఆలస్యమైంది. కణాలు ఉన్నాయి, కలుసుకునే చోటు లేకపోయింది.

బి కణాలది మరో పేట. వాటిని సీఎక్స్‌సీఎల్13 అనే వేరే కీమోకైన్ గ్రంథి అంచున ఉన్న గుండ్రని గుంపుల్లోకి పిలుస్తుంది. దానిని గుర్తించే గ్రాహకం సీఎక్స్‌సీఆర్5. యాంటీబాడీలు బాగా తయారుకావాలంటే బి కణానికి టి కణం సాయం కావాలి, కానీ ఇద్దరూ వేర్వేరు పేటల్లో ఉన్నారు. ఇక్కడ జరిగే ఏర్పాటు నాకు ఎంతో ఇష్టమైనది. శత్రువు ముక్క తగిలిన బి కణం సీసీఆర్7ను పెంచుకుని టి కణాల పేట వైపు అడుగు వేస్తుంది. తన ముక్క దొరికిన టి కణం సీఎక్స్‌సీఆర్5ను మొలిపించుకుని బి కణాల పేట వైపు కదులుతుంది. ఒకరి గ్రాహకాన్ని ఒకరు అరువు తెచ్చుకున్నట్టుగా, ఇద్దరూ ఎదురెదురుగా వచ్చి సరిహద్దులో కలుసుకుంటారు. ఆ తరువాత బి కణాల గుంపు మధ్యలో ఒక కేంద్రం ఏర్పడి, అక్కడ యాంటీబాడీలు వారాల తరబడి పదును పెట్టుకుంటాయి.

ఇప్పుడు మీ బిళ్ల పెద్దదవడం సంగతి. ఇందులో ముఖ్యమైనది తలుపు మూయడం. టి కణాలు గ్రంథి నుంచి బయటికి పోవడానికి కూడా ఒక రసాయనమే దారి చూపుతుంది. దాని పేరు స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్. ఇది కీమోకైన్ కాదు, కొవ్వు జాతి పదార్థం. రక్తంలోను లింఫ్‌లోను ఎక్కువగా, గ్రంథి లోపల చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి, కణం ఎక్కువ ఉన్న వైపు, అంటే బయటికి, దారి తీస్తుంది. ఇన్‌ఫెక్షన్ కబురు అందగానే గ్రంథిలోని కణాల మీద సీడీ69 అనే అణువు మొలిచి, ఆ పదార్థాన్ని గుర్తించే గ్రాహకాన్ని లోపలికి లాగేస్తుంది. బయటి దారి తెలియక కణాలు రెండు మూడు రోజులు అక్కడే నిలిచిపోతాయి. అదే సమయంలో గ్రంథికి రక్తప్రవాహం పెరిగి కొత్త కణాలు ఇంకా ఎక్కువగా దిగుతుంటాయి. రాక పెరిగి, పోక ఆగితే ఏమవుతుందో తూము మూసి గుంటకు నీళ్లు పెట్టే మీకు నేను చెప్పనవసరం లేదు.

పైగా తన ముక్క దొరికిన ఒక్కొక్క టి కణం రోజుకు రెండు మూడుసార్లు విభజన చెంది, ఐదారు రోజుల్లో వేల సంఖ్యకు చేరుతుంది. ఇందరికి చోటివ్వడానికి లోపలి వల బిగువు సడలించుకుని సాగుతుంది. అయినా గ్రంథి పైపొర బిగుసుకుపోతుంది. మీకు నడుస్తుంటే లాగినట్టు అనిపించేది ఆ బిగువే. కొద్ది రోజుల తరువాత సీడీ69 తగ్గి తలుపు తెరుచుకుంటుంది. సిద్ధమైన టి కణాలు సీసీఆర్7ను వదిలేసి, వాచిన చోటికి పిలిచే ఇతర గ్రాహకాలను పెట్టుకుని, లింఫ్ ద్వారా రక్తంలోకి, రక్తం ద్వారా మీ అరికాలికి చేరతాయి.

ఈ తలుపు సంగతి మందుల పరిశోధనకు కూడా ఉపయోగపడింది. ఒక శిలీంధ్రం నుంచి తీసిన పదార్థాన్ని మార్చి తయారు చేసిన ఫింగోలిమాడ్ అనే మందు, స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్‌ను గుర్తించే ఆ గ్రాహకాన్నే పనిచేయకుండా చేసి, లింఫోసైట్లను గ్రంథుల్లోనే నిలిపి ఉంచుతుంది. సొంత నాడుల మీద సొంత కణాలే దాడి చేసే మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బుకు దీనిని 2010లో అమెరికాలో అనుమతించారు.

ఒక విషయం మీ వృత్తికి సంబంధించినది కనుక చెబుతున్నాను. మీ గుంటలోని వెనామీ రొయ్యకు ఈ ఏర్పాటు లేదు. రొయ్యలో లింఫాయిడ్ అవయవం అని పిలిచే భాగం ఒకటి ఉంది కానీ, టి కణాలు, బి కణాలు, యాంటీబాడీలు దానికి లేవు. పట్టి మింగే రక్తకణాలు, మరికొన్ని రసాయనాలతోనే అది నెట్టుకురావాలి. గుంటలో తెగులు పట్టితే అంత వేగంగా నష్టం రావడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

ఇక కాపడం సంగతి. మీ చిన్నాయన మీ మేలు కోరి చెప్పిన మాట అది. చెడునీరు గడ్డకట్టిందనుకుంటే దాన్ని కరిగించాలని అనిపించడం సహజమే. కానీ ఆ బిళ్లలో కరిగించవలసినది ఏమీ లేదు. పని జరుగుతున్న గ్రంథిని గట్టిగా నలిపితే వాపు, నొప్పి పెరుగుతాయి. ఒకవేళ లోపల చీము చేరి ఉంటే అది చుట్టుపక్కలకు పాకే ప్రమాదం ఉంది. కాచిన ఇటుక గజ్జల్లోని పలచని చర్మాన్ని కాల్చేస్తుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవారికి కాలిన సంగతి కూడా తెలియదు. మరీ లాగుతుంటే గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను పది నిమిషాలు వేసుకోండి, రుద్దకండి. చిన్నాయనకు కోపం రాకుండా ఈ సంగతి మీ అమ్మాయి చేతనే చెప్పించండి. గాయం మీద ఇకనుంచి పసుపు వద్దు. సబ్బు నీళ్లతో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టండి. గుంటకు వాడే మందులు ఏవీ మనిషి గాయానికి పనికిరావు. దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ బిళ్లలు కొనుక్కోవడం కూడా మంచిది కాదు. అవసరమో కాదో గాయం చూసిన డాక్టరు చెప్పాలి.

గాయం మానిన తరువాత కూడా రెండు మూడు వారాలు బిళ్ల చేతికి తగలడం మామూలే. ముట్టుకుంటే నొప్పి ఉండి, వేళ్ల కింద జారుతూ, వారం వారం తగ్గుతున్నదంటే ఊరుకోవచ్చు. బిళ్ల ఎర్రబడి మెత్తబడినా, కాలి మీద గాయం నుంచి పైకి ఎర్రని చార కనిపించినా, చలిజ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నాలుగు వారాలు దాటినా తగ్గకపోయినా, నొప్పి లేకుండా గట్టిగా రాయిలా పెరుగుతున్నా, రెండు సెంటీమీటర్లు మించినా, మెడలోనో చంకల్లోనో మరికొన్ని కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గి రాత్రిపూట చెమటలు పోస్తున్నా సూది పరీక్ష, అంటే బిళ్లలోంచి సన్నని సూదితో కణాలు తీసి చూసే పరీక్ష, చేయించాలి. క్షయ, లింఫ్ గ్రంథుల క్యాన్సర్ కూడా ఇలా బిళ్లలుగానే మొదలు కావచ్చు. ముందుగా తెలిస్తే రెండింటికీ మంచి చికిత్స ఉంది. ఈ రోజు బిళ్ల ఎంత ఉందో స్కేలుతో కొలిచి తేదీతో సహా రాసిపెట్టుకోండి. వారానికి ఒకసారి కొలిస్తే చాలు, రోజూ నొక్కి చూడవద్దు.

అమ్మాయి చదివే కాలేజీ ల్యాబులో లింఫ్ గ్రంథి స్లైడు ఉంటుందేమో అడిగి చూడమనండి. తక్కువ పవర్ కింద పెట్టి అంచు వెంబడి కదిపితే ముదురు నీలిరంగులో గుండ్రని గుంపులు వరసగా కనిపిస్తాయి, అవి బి కణాల పేటలు. వాటిలో కొన్నింటి నడుమ పాలిపోయినట్టు ఉండే భాగమే యాంటీబాడీలు పదును పెట్టుకునే కేంద్రం. గుంపులకు లోపలి వైపు ఒకే తీరుగా పరుచుకుని ఉండేది టి కణాల పేట. ఆ రెండు పేటల మధ్య సరిహద్దు మీద ఎక్కువ పవర్ పెట్టి కాసేపు చూడమనండి. అక్కడ కదలిక కనిపించదు, రంగు వేసిన కణాలు కదలవు. మీ గజ్జల్లోని గ్రంథిలో మాత్రం ఈ రోజు కూడా ఆ చోట టి కణమూ బి కణమూ ఎదురెదురుగా నడిచి వస్తూనే ఉంటాయి.